పురుగు తినే తిండి – బాక్టీరియా మందు పనితనం

సంచికకు ఒక సైన్సు వ్యాసం రాయమన్నప్పుడు ఎక్కడో దూరంగా ఉన్న విషయం కన్నా మన హాస్టలు నీళ్ళ టాంకులోను, మన అమ్మానాన్నలు కూలికి వెళ్ళే పత్తి చేలోను కనిపించే విషయం రాస్తే మేలనుకున్నాం. మేము జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ చేశాం. మా ఇంట్లో డిగ్రీ చేతికందుకున్నది మేమే మొదలు. అందువల్ల ఇంటికి వెళ్తే చాలు, "నువ్వు చదివేది పురుగుల చదువే గదా, ఈ మందు పని చేసిద్దా?" అని అడుగుతారు. పని చేస్తుందనీ చేయదనీ ఒక్క మాటలో చెప్పలేం. ఎందుకు చెప్పలేమో ఈ వ్యాసంలో వివరిస్తాం.

ముందు టాంకు సంగతి. సిమెంటు టాంకు కడిగే రోజున అడుగున పేరుకున్న ఒండ్రులో సన్నని ఎర్ర దారం ముక్కల్లాంటి పురుగులు మెలికలు తిరుగుతూ కనిపిస్తాయి. చాలామంది వాటిని చూసి దోమ పిల్లలంటారు, కొందరు నెత్తురు తాగిన జలగ పిల్లలంటారు. రెండూ కావు. అవి కైరోనమస్ అనే మిడ్జి జాతి ఈగ డింభకాలు. మన వైపు లైటు చుట్టూ గుంపులుగా ముసిరే చిన్న ఈగలన్నిటినీ కలిపి నుసుమలంటాం, వాటిలో ఇవీ ఉంటాయి. పెద్దదైన కైరోనమస్ అచ్చం దోమలాగే ఉంటుంది, కాని కుట్టదు, నెత్తురు తాగదు. గోడ మీద వాలినప్పుడు ముందు కాళ్ళు పైకెత్తి కూర్చుంటుంది. దోమ ఎత్తితే వెనక కాళ్ళు ఎత్తుతుంది. ఈసారి లైటు కింద చూడండి, ఇట్టే గుర్తు పడతారు.

మరి డింభకానికి ఆ ఎరుపు ఎక్కడిది? మన రక్తంలో ఉండే హీమోగ్లోబిన్ దాని రక్తంలోనూ ఉంది. ఆక్సిజన్ తక్కువగా ఉండే బురదలో బతకడానికి అది సాయపడుతుంది. చేపలకు ఇది మంచి మేత. అలాగని పూర్తిగా సాధువు అనుకోకూడదు. సూడాన్‌లో నైలు నది పక్కన ఈ కుటుంబానికి చెందిన ఒక ఈగ కోట్లలో పుట్టి, దాని పొడి గాలిలో కలిసి జనానికి ఉబ్బసం తెప్పించింది. మన దగ్గర ఆ బాధ లేదు. మన బాధంతా దోమతోనే. 2005-06లో ఆంధ్రప్రదేశ్‌ను చికున్‌గున్యా ఊపేసినప్పుడు మేము పసిపిల్లలం. అప్పుడు నెలల తరబడి కీళ్ళు పట్టేసి కూలి పోగొట్టుకున్న సంగతి మా పెద్దవాళ్ళు ఇప్పటికీ చెబుతారు.

దోమ డింభకాలను చంపడానికి నీళ్ళలో చల్లే మందుల్లో బాక్టీరియా పొడి ఒకటి. సరైన మోతాదులో ఆ పొడి చల్లితే దోమ డింభకాలు 24 గంటల్లో తేలిపోతాయి. అదే నీటి అడుగున ఉన్న పెద్ద ఎర్రపురుగులు మాత్రం ఏమీ ఎరగనట్టు తిరుగుతుంటాయి. రెండూ రెండు రెక్కల కీటకాలే, దగ్గరి చుట్టాలే. ఒకటి చావడం, ఇంకొకటి బతకడం ఎందుకు? జవాబులో పెద్ద భాగం తిండిలో ఉంది.

మందు కథ కొంచెం తెలుసుకుందాం. 1901లో జపాన్‌లో ఇషివాటా అనే శాస్త్రవేత్త పట్టుపురుగులు ఉన్నట్టుండి చచ్చిపోవడానికి ఒక బాక్టీరియా కారణమని కనుగొన్నాడు. 1911లో జర్మనీలో బెర్లినర్ పిండి పురుగులో అలాంటి బాక్టీరియానే చూసి, అది దొరికిన తురింజియా ప్రాంతం పేరు మీద బాసిల్లస్ తురింజియెన్సిస్ అని పేరు పెట్టాడు. బి.టి. అని మన రైతులు పలికే రెండక్షరాలు ఇవే. ఇది ఎక్కువగా గొంగళి పురుగుల మీద పనిచేసేది. దోమల మీద పనిచేసే రకం 1976లో ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో, చచ్చిన దోమ డింభకాలు తేలుతున్న ఒక చిన్న మడుగులో దొరికింది. దానికి ఇజ్రాయెలెన్సిస్ అనే తోక తగిలించి బి.టి.ఐ. అంటారు. మన దేశంలో పుదుచ్చేరిలోని వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్ ఈ రకం బాక్టీరియాల మీద చాలా పని చేసింది.

ఈ బాక్టీరియా సిద్ధబీజం కట్టేటప్పుడు పక్కనే ఒక ప్రొటీన్ స్ఫటికాన్ని తయారు చేస్తుంది. విషం ఆ స్ఫటికంలోనే ఉంది. అయితే స్ఫటికంగా ఉన్నంతసేపు అది విషం కాదు, పెట్టెలో పెట్టి తాళం వేసిన కత్తి లాంటిది. డింభకం దాన్ని మింగాలి. మధ్యాహారనాళంలోని క్షార రసంలో అది కరగాలి. దోమ డింభకంలో ఆ భాగపు పి.హెచ్. 10 దాటుతుంది. కరిగిన ప్రొటీన్‌ను జీర్ణ ఎంజైములు కత్తిరించాలి. ఆ ముక్క నాళపు గోడ కణాల మీద తనకు సరిపడే గ్రాహకాలను పట్టుకోవాలి. అప్పుడు కణాలకు చిల్లులు పడతాయి, డింభకం తిండి మానేసి చస్తుంది. ఇందులో ఒక్క మెట్టు తప్పినా మందు మందు కాదు. మన జీర్ణాశయం ఆమ్లంతో నిండి ఉంటుంది, పైగా మన పేగుల్లో ఆ గ్రాహకాలు లేవు. అందువల్లనే ఆ పొడి మనకు, పశువులకు, చేపలకు విషం కాదు.

ఇక్కడ గుర్తు పెట్టుకోవలసిన మాట ఒకటుంది. మామూలు పురుగు మందుల్లో చాలావరకు ఒంటికి తగిలినా చంపుతాయి. ఇది తగిలితే చంపదు, తింటేనే చంపుతుంది. కాబట్టి ఆ పురుగు ఎక్కడ తింటుంది, ఎప్పుడు తింటుంది, దీనితో పాటు ఇంకా ఏం తింటుంది అన్నవి తెలియకుండా మోతాదు గురించి మాట్లాడి లాభం లేదు.

ఎక్కడ తింటుంది అన్నది మొదట చూద్దాం. మలేరియా తెచ్చే అనాఫిలిస్ డింభకం నీటి పైపొరకు సమాంతరంగా పడుకుని పైన తేలేవాటిని తింటుంది. మురుగులో పెరిగే క్యూలెక్స్ తల కిందులుగా వేలాడుతూ నడిమి నీటిని వడగట్టుకుంటుంది. డెంగ్యూ తెచ్చే ఈడిస్ అడుగుకు వెళ్ళి గోకి తింటుంది. బి.టి.ఐ. పొడి కొంతసేపటికి అడుగుకు దిగిపోతుంది గనుక మూడింటిలో అనాఫిలిస్‌కు అందేది తక్కువ. అందుకే పైన తేలే రకం తయారీలు కూడా వచ్చాయి. మన ఎర్రపురుగు బురదతో గొట్టం కట్టుకుని అందులోనే కూర్చుని చుట్టూ ఉన్న ఒండ్రును, నాచును, కుళ్ళిన ఆకు ముక్కలను తింటుంది. అడుగుకు దిగిన మందు దాని నోటికీ చేరుతుంది. కాని చుట్టూ ఉన్న అంత ఒండ్రులో మందు రేణువు ఎన్నోవంతు?

దీన్ని మెస్సు లెక్కలో చెబుతాం. గంగాళం నిండా ఉన్న అన్నంలో నాలుగు రాళ్ళుంటే ఎవరి పంటికి తగులుతాయి? అవే నాలుగు రాళ్ళు ఒక్క కంచంలో ఉంటే? డింభకం పొట్ట చిన్నది, గంటకు ఇంతే తినగలదు. నీళ్ళు తేటగా ఉంటే దాని పొట్టలోకి వెళ్ళేదాంట్లో ఎక్కువ భాగం మన పొడే. మెస్సు వెనక కాలవలో గంజి, మెతుకులు, సబ్బు నురగ, నాచు కలిసిన నీళ్ళయితే మన పొడి పదింటిలో ఒకటో, వందలో ఒకటో. చల్లింది అంతే, మింగింది తక్కువ. మురికి నీటికి ఎక్కువ మోతాదు కావాలని చెప్పేది ఇందుకే. మురుగులో ఎక్కువ కాలం నిలిచే స్ఫెరికస్ అనే ఇంకో బాక్టీరియా ఉంది, క్యూలెక్స్ మీద బాగా పనిచేస్తుంది. అయితే దాని విషం పట్టుకునే గ్రాహకం ఒకే రకం. కేరళలోని కొచ్చిలో దాన్ని పదేపదే చల్లిన చోట క్యూలెక్స్ దోమలకు గట్టి నిరోధక శక్తి వచ్చిందని 1995లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. బి.టి.ఐ. స్ఫటికంలో నాలుగు ముఖ్యమైన విషప్రొటీన్లు కలిసి ఉన్నాయి గనుక దాన్ని తట్టుకోవడం దోమకు అంత సులభం కాలేదు.

ఇక మన చీమకుర్తికే ప్రత్యేకమైనది రాతి పొడి. గెలాక్సీ గ్రానైటు తీసిన క్వారీ గుంతల్లో వాననీరు నిలుస్తుంది, కోత జరిగే చోట బూడిద రంగు నీళ్ళు నిలుస్తాయి. డింభకానికి రాతి పొడికీ తిండికీ తేడా తెలియదు, నోటికి పట్టే సైజులో ఉంటే మింగేస్తుంది. పొట్ట సున్నపు బొట్టలా రాతి పొడితో నిండితే మందుకు చోటెక్కడ? అదీగాక సన్నని మట్టి రేణువులు మందు రేణువులను తమకు అంటించుకుని అడుగుకు లాక్కుపోతాయి. మట్టి కలిసిన నీటిలో బి.టి.ఐ. బలం తగ్గుతుందన్నది చాలా దేశాల్లో తేలిన విషయమే. కాబట్టి క్వారీ గుంతలో పొడి చల్లి, పక్కింటి తొట్టిలో పనిచేసినట్టే పనిచేస్తుందని అనుకోరాదు. పశ్చిమ ఆఫ్రికాలో నది అంధత్వం అనే జబ్బును అదుపు చేయడానికి 1974లో మొదలైన పెద్ద కార్యక్రమంలో నల్ల ఈగ డింభకాల మీద తర్వాత బి.టి.ఐ.ని వాడారు. అక్కడా నదిలో నాచు, ఒండ్రు ఎంత ఉన్నాయో చూడవలసి వచ్చేది.

వయసు కూడా తిండి సంగతే. డింభకం నాలుగు దశలుగా పెరుగుతుంది. చిన్నవి ఎడతెరపి లేకుండా తింటాయి, చిన్న మోతాదుకే పోతాయి. నాలుగో దశ చివరికి వచ్చినది తిండి తగ్గిస్తుంది, ప్యూపా అయ్యాక తిండే లేదు. ఎర్రపురుగులో ఈ తేడా మరీ ఎక్కువ. 2017లో ఐరోపాలో కైరోనమస్ రైపేరియస్ మీద చేసిన పరిశోధనలో మొదటి దశకూ నాలుగో దశకూ మధ్య వంద రెట్ల ప్రాంతంలో తేడా వచ్చింది. జర్మనీలో రైన్ నది ఒడ్డున దశాబ్దాలుగా దోమలకు బి.టి.ఐ. చల్లుతున్నారు. "దోమ మోతాదు మిడ్జిని ఏమీ చేయదు" అన్న పాత మాట పెద్ద డింభకాలను చూసి చెప్పినదని, పసివాటి విషయంలో అది చెల్లదని అక్కడ ఇప్పుడు వాదన నడుస్తోంది. మిడ్జి తగ్గితే వాటిని తినే చేపలు, పిట్టలు, తూనీగలు ఏమవుతాయన్నది వాళ్ళ దిగులు. మాకైతే ఈ దిగులు న్యాయమైనదే అనిపిస్తుంది. అయితే జ్వరం తెచ్చే దోమ పక్కన పెట్టి చూస్తే, మన టాంకులో ముందు లెక్క దోమదే.

ఇంతవరకు తిండి ఎంత అన్నది చూశాం. తిండి ఎలాంటిది అన్నది ఇంకా ఆసక్తికరం. ఇక్కడ చేలోకి వెళ్దాం.

పత్తి ఆకులో, మొగ్గలో టానిన్లు అనే వగరు పదార్థాలుంటాయి. కరక్కాయ కొరికితే నాలుక పిడచ కట్టేది వీటివల్లనే. మాలో కొందరి తాతలు లందలో తంగేడు చెక్క నీళ్ళు పోసి తోళ్ళు నానబెట్టేవారు. చెక్కలోని టానిన్ తోలులోని ప్రొటీన్‌కు గట్టిగా అతుక్కుంటుంది, తోలు కుళ్ళకుండా చెప్పుకు పనికొస్తుంది. బడి మొహం చూడని వాళ్ళ చేతుల్లో ఉన్న రసాయనశాస్త్రం అది, దాన్ని తక్కువగా చూసిన వాళ్ళకు తెలియలేదు గాని! బి.టి. విషం కూడా ప్రొటీనే గదా. పురుగు పొట్టలో టానిన్ దానికీ అతుక్కుంటుంది. పైగా వగరు వల్ల పురుగు తక్కువ తింటుంది, అంటే మందూ తక్కువే మింగుతుంది. టానిన్‌ను, బి.టి.ని కలిపి పెట్టినప్పుడు మందు బలం తగ్గిందని 1990లలో పరిశోధకులు చూపించారు. అమెరికాలోని టెక్సాస్ వారు 2017లో ఇంకో కోణం చూపారు. శనగపచ్చ పురుగుకు చెల్లెలి వరస అయిన పురుగుకు మేతలో ప్రొటీన్, పిండిపదార్థాల పాళ్ళు మార్చి పెడితే, అదే బి.టి. విషానికి అది లొంగే తీరు బాగా మారిపోయింది. దానికి నచ్చిన పాళ్ళలో తిన్నది ఎక్కువ తట్టుకుంది. ప్రయోగశాల మేత మీద కట్టిన మోతాదు చేలోని పురుగుకు అచ్చంగా ఎందుకు సరిపోదో దీన్నిబట్టి ఊహించండి.

మన గుంటూరు, ప్రకాశం జిల్లాలకు ఈ చదువు ఊరికే రాలేదు. 1987-88లో పత్తి మీద తెల్లదోమ, కాయతొలుచు పురుగు విరుచుకుపడి ఎన్ని మందులు కొట్టినా చావలేదు. అప్పు చేసి కొట్టిన మందే రైతుల ప్రాణం తీసింది. ఆ ఏడాది ఆంధ్రప్రదేశ్ శనగపచ్చ పురుగుల మీద చేసిన పరీక్షల్లో పైరెత్రాయిడ్ మందులకు నిరోధక శక్తి వచ్చిందని తేలింది. 2002 మార్చిలో కేంద్రం బి.టి. పత్తికి అనుమతి ఇచ్చినప్పుడు మన వైపు రైతులు దాని మీద అంత ఆశ పెట్టుకున్నది అందుకే. బాక్టీరియాలోని విషపు జన్యువును మొక్కలోనే పెట్టారు గనుక మొక్క తిన్న పురుగు మందు తిన్నట్టే.

అయితే మొక్కలో ఏ భాగం తింటుంది? నాగపూర్‌లోని కేంద్ర పత్తి పరిశోధన సంస్థలో క్రాంతి, ఆయన సహచరులు 2005లో ప్రచురించిన పరిశోధన ప్రకారం విషం లేత ఆకుల్లో ఎక్కువ, పైరు ముదిరేకొద్దీ తగ్గుతుంది. సుమారు 110 రోజులకు గ్రాముకు 1.9 మైక్రోగ్రాములనే కీలక మట్టానికి కిందికి దిగుతుంది. మొగ్గ, పూల అండాశయం, కాయ తొక్కలలో మరీ తక్కువ. శనగపచ్చ పురుగు ఇష్టపడేది సరిగ్గా వాటినే! ఇక పొగాకు లద్దె పురుగుకు మొదటి రకం బి.టి. పత్తిలోని విషం పెద్దగా పట్టదు. పచ్చదోమ, తెల్లదోమ రసం పీల్చేవి, వాటికి అసలే సంబంధం లేదు. "బి.టి. వేశాం, ఇంక మందు కొట్టే పని లేదు" అన్న మాట ఎంతవరకు నిజమో చూడండి.

గులాబి రంగు పురుగు కథ ఇంకా లోతైనది. అది కాయలో దూరి గింజలు తింటుంది. మన దేశంలో అమ్మేవి హైబ్రిడ్ విత్తనాలు. ఒక తల్లిదండ్రిలోనే జన్యువు ఉంటే, ఆ హైబ్రిడ్ మొక్క కాయలో ఏర్పడే గింజలు మెండెల్ నియమం ప్రకారం 3:1గా విడిపోతాయి. పదో తరగతి వాళ్ళు ఈ లెక్క పలక మీద వేసి చూసుకోవచ్చు. అంటే ఒకే కాయలో నాలుగింటిలో ఒక గింజ విషం లేనిది. పురుగుకు కొన్ని గింజలు విషపువి, కొన్ని మంచివి. చావని మోతాదు తిని బతికి, కొంచెం తట్టుకోగలిగిన పురుగులు తమ పిల్లలకు ఆ శక్తినిస్తాయి. రెండు జన్యువులున్న విత్తనం 2006 నుంచి వచ్చింది, అందులో లెక్క ఇంకా చిక్కు.

పైగా గులాబి పురుగుకు పత్తి తప్ప చెప్పుకోదగ్గ తిండి లేదు. శనగపచ్చ పురుగు అలా కాదు. కంది, శనగ, మిర్చి, టమాటా అన్నీ తింటుంది. మన చేలలో ఈ పంటలు పక్కపక్కనే ఉంటాయి. బి.టి. విషం ఎరగకుండా కంది మీద పెరిగిన రెక్కల పురుగు, పత్తిలో తట్టుకుని బయటపడ్డ దానితో జతకడితే పిల్లల్లో ఆ తట్టుకునే శక్తి పలచబడుతుంది. గులాబి పురుగుకు అలా బయటి సంబంధాలు లేవు. తట్టుకున్నది తట్టుకున్నదానినే కలుస్తుంది. గుజరాత్‌లో మొదటి రకం బి.టి.ని అది తట్టుకుందని 2010లో బయటపడింది. 2014-15 నాటికి అక్కడే రెండో రకాన్నీ తట్టుకుంది, ఆ తర్వాత మహారాష్ట్ర, తెలంగాణ, మన రాష్ట్రం వరుసగా దెబ్బతిన్నాయి. ఇంతకుముందు 450 గ్రాముల బి.టి. విత్తనంతో పాటు 120 గ్రాముల మామూలు విత్తనం ఇచ్చినది ఈ జత కుదర్చడానికే. ఆ చిన్న ప్యాకెట్టు ఎందుకో రైతుకు అర్థమయ్యేలా చెప్పినవాళ్ళు తక్కువ, కాబట్టి అది గట్టు మీద పారేశారని రైతును తప్పు పట్టడం మాకు నచ్చదు. రెండున్నర ఎకరాలు కౌలుకు తీసుకున్నవాడు పురుగు మేతకని కొన్ని సాళ్ళు ఎలా వదులుతాడు? అమెరికాలో అలాంటి సాళ్ళతో మొదలుపెట్టి, గొడ్డు మగపురుగులను కోట్లలో వదిలి, 2018 నాటికి గులాబి పురుగును తమ పత్తి నేలల్లో లేకుండా చేశామని ప్రకటించారు. ఆ ఖర్చు పెట్టుకున్నది ప్రభుత్వం, రైతు సంఘాలు కలిసి.

డబ్బాల్లో అమ్మే బి.టి. పొడి మందు కొట్టే ఇంట్లో వాళ్ళకు ఈ రెండు సంగతులు చెప్పండి. పురుగు చిన్నగా ఉన్నప్పుడు, ఆకు పైన తింటున్నప్పుడే కొట్టాలి, కాయలో దూరాక మందు దాని నోటికి చేరదు. వరిలో ఉల్లికోడు కూడా ఒక మిడ్జే, దాని డింభకం దుబ్బు లోపలే ఉండి తింటుంది గనుక పైన చల్లిన బి.టి. పొడి దాని తిండిలో కలవదు. రెండోది, ఎండలోని అతినీలలోహిత కిరణాలు విషాన్ని పాడుచేస్తాయి, సాయంత్రం పూట కొట్టాలి. కొట్టిన మర్నాడే పురుగు రాలలేదని ఇంకో మందు కలిపి కొట్టేస్తుంటారు. అది తిండి మానేసి రెండు మూడు రోజులకు చస్తుంది, ఈలోగా పంటకు చేసే నష్టం తక్కువే.

హాస్టల్లో చేసి చూడదగిన చిన్న పరీక్ష ఒకటి చెబుతాం. రెండు తెల్ల గాజు సీసాల్లో తొట్టి నుంచి పట్టిన దోమ డింభకాలు పది చొప్పున వేయండి. ఒకదాంట్లో తేట నీళ్ళు, రెండోదాంట్లో చిటికెడు బిస్కట్ పొడి కలిపిన నీళ్ళు. రెండింటిలోనూ మెత్తగా నూరిన కట్టె బొగ్గు ఒకే కొలతగా వేసి, మూతికి పలచని గుడ్డ కట్టి, పావుగంటకోసారి చేతి భూతద్దంతో చూడండి. ఒళ్ళు పారదర్శకంగా ఉంటుంది గనుక పొట్టలో నల్ల గీత పాకడం కనిపిస్తుంది. ఏ సీసాలో ఎంత నలుపు, ఎంతసేపటికి వచ్చింది, ప్యూపాలుంటే వాటిలో వచ్చిందా లేదా నోటు పుస్తకంలో రాసుకోండి. బొగ్గు స్థానంలో మందు ఉందనుకుంటే మిగతా లెక్క మీకే తెలుస్తుంది. మూడో రోజు దాటకుండా ఆ నీళ్ళను ఎండ తగిలే పొడి నేల మీద పారబోయండి, కాలవలో మాత్రం పోయకండి.